తరగతి గదిలో ప్రశ్నకు చోటు

జూన్ రెండో వారంలో బడులు మళ్ళీ తెరుచుకుంటాయి. అంతకుముందు నెలంతా మన ఇళ్ళలో సాగే చర్చ అందరికీ తెలిసినదే. ఏ బడి, ఏ మాధ్యమం, ఫీజు ఎంత, బస్సు వస్తుందా, అమ్మాయి అయితే దూరమెంత, నిరుటి రిజల్టు ఎట్లా ఉంది. అప్పుచేసి ఫీజు కట్టే తల్లిదండ్రులకు ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే. వీటిలో దేనినీ మేము తక్కువ చేయబోము. అయితే ఈ జాబితాలోకి ఎన్నడూ చేరని ప్రశ్న ఒకటి ఉన్నది. ఆ బడిలో మా బిడ్డ సొంతంగా ఆలోచించటం నేర్చుకుంటుందా? లేచి నిలబడి ‘ఎందుకు సార్’ అని అడిగితే అక్కడి ఉపాధ్యాయుడు ఏం చేస్తాడు? మైనారిటీల హక్కుల కోసం నడిచే పత్రికకు బోధనా పద్ధతులతో ఏమి పని అని కొందరు మిత్రులకు తోచవచ్చు. ఆ పని ఏమిటో చెప్పటానికే ఈ నెల సంపాదకీయాన్ని కేటాయించాము.

మన పాఠ్యపుస్తకాల ఉద్దేశం చెడ్డదేమీ కాదు. పుస్తకాల సంచి బరువు కన్నా అర్థంకాని చదువు బరువే పిల్లలను ఎక్కువగా కుంగదీస్తున్నదని 1993లోనే యశ్‌పాల్ కమిటీ చెప్పింది. 2005 నాటి జాతీయ విద్యా ప్రణాళికా చట్రం చదువును బట్టీ పద్ధతి నుంచి విడిపించాలనీ, బడి గోడల వెలుపలి జీవితంతో ముడిపెట్టాలనీ కోరింది. ఆ వెలుగులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో సొంత ప్రణాళికా పత్రాన్ని సిద్ధం చేసుకుని పుస్తకాలను తిరగరాయించింది. పాఠం మధ్యలో ‘ఆలోచించండి, చర్చించండి’ వంటి శీర్షికలతో చిన్న చిన్న పెట్టెలు వెలిశాయి. పుస్తకంలో జవాబు దొరకని ప్రశ్నలు వాటిలో ఉండేవి. ఆ పెట్టెలకు పట్టిన గతి ఏమిటి? చాలా తరగతులలో ‘అవి పరీక్షకు రావు, వదిలేయండి’ అన్న ఒక్క మాటతో వాటి కథ ముగిసింది. మిగిలినచోట గైడ్లు ఆ పని పూర్తిచేశాయి. పిల్లవాడి సొంత అభిప్రాయం ఏమిటన్న ప్రశ్నకు కూడా జవాబు అచ్చువేసి అమ్మాయి. తరగతిలోని నలభై మందీ ఒకే ‘సొంత అభిప్రాయాన్ని’ ఒకే మాటలలో, ఒకే అచ్చుతప్పుతో సహా రాసుకుపోయే విచిత్రాన్ని మన ఉపాధ్యాయ మిత్రులు నవ్వుతూ చెబుతారు. నవ్వదగిన విషయం కాదది.

ఇంటర్మీడియట్ రెండేళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. తెల్లవారక ముందు మొదలై రాత్రి పొద్దుపోయేదాకా సాగే స్టడీ అవర్లు, వారాంతపు పరీక్షలు, ర్యాంకుల ప్రకారం సెక్షన్లు, నాలుగు జవాబులలో ఒకదానికి చుక్కపెట్టే సాధన. ఈ పద్ధతి ఇంజనీరింగు సీట్లను తెచ్చిపెట్టింది, కాదనము. కానీ ఆ రెండేళ్ళలో పిల్లలకు తెలియకుండానే మనసులో నాటుకునే పాఠం మరొకటి ఉన్నది. సరైన జవాబు ఎప్పుడూ ముందే తయారై మరెవరి దగ్గరో ఉంటుంది, మన పని దానిని వేగంగా గుర్తుపట్టటమే. పద్దెనిమిదేళ్ళకు ఈ పాఠం ఒంటపట్టినవాడు ఆ తరువాత నాయకుడి మాటనైనా, టీవీ చర్చనైనా, ఫోనులో వచ్చే సందేశాన్నయినా అదే కంటితో చూస్తాడు.

మన సముదాయానికి ఈ విషయం ఎక్కువ గట్టిగా తగులుతుంది. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ఆరు నుంచి పద్నాలుగేళ్ళలోపు ముస్లిం పిల్లలలో నాలుగో వంతు మంది బడి ముఖమే చూడలేదనో, మధ్యలో మానివేశారనో తేల్చింది. మద్రసాలకు వెళ్ళేవారు మూడు నాలుగు శాతానికి మించరని కూడా అదే నివేదిక చెప్పింది. కనుక ముస్లిం పిల్లల చదువు గురించిన చర్చను మద్రసాల చుట్టూ మాత్రమే తిప్పేవారు మనలో నూటికి తొంభై ఆరుగురి పిల్లలను చూడకుండానే మాట్లాడుతున్నారన్నమాట. ఆ పిల్లలు సర్కారు బడిలోనో, సందు చివరి ప్రైవేటు బడిలోనో కూర్చుంటున్నారు. వారిలో ఎందరో తమ ఇంట్లో పదో తరగతి దాటబోతున్న మొదటి మనిషి. నాన్న మెకానిక్ షెడ్డులోనో, పండ్ల బండి దగ్గరో ఉంటాడు. అమ్మ మిషను కుడుతుంది. గైడులోని జవాబు తప్పని చెప్పగలవారు ఇంట్లో లేరు. డాక్టరు గారి అబ్బాయికి తరగతిలో దొరకని ఆలోచన భోజనాల బల్ల దగ్గర దొరుకుతుంది. మన పిల్లలలో అధిక భాగానికి బడి తప్ప మరో చోటు లేదు. బడి కూడా బట్టీయే ఇస్తే ఆ బిడ్డకు ఇక ఆ అవకాశం ఎక్కడా రాదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. జ్ఞాపకశక్తిని ఈసడించటం ఈ మధ్య ఒక వేడుకైపోయింది. ఆరువేలకు పైబడిన ఆయతులను పదేళ్ళ వయసులో గుండెలో దాచుకునే హాఫిజ్‌లు పుట్టే ఇళ్ళు మనవి. ఎక్కాలు రానివాడు లెక్కల్లో తర్కం చేయలేడు. కంఠస్థం చేయటం ఆలోచనకు శత్రువని మేము అనుకోము. దానితోనే చదువు పూర్తయిందని భ్రమపడటం వేరే సంగతి. ఆ తేడాను ఆరువందల ఏళ్ళకు పైగా కిందటే ఎత్తిచూపినవాడు ట్యునీషియాలో పుట్టిన ఇబ్నె ఖల్దూన్. 1377లో రాసిన ‘ముఖద్దిమా’లో ఆయన తన కాలపు విద్యాలయాలను నిర్దాక్షిణ్యంగా పరీక్షించాడు. మొరాకో ప్రాంతపు మద్రసాలలో విద్యార్థులు పదహారేళ్ళు ఉంటారనీ, ట్యూనిస్‌లో అయిదేళ్ళే ఉంటారనీ చెబుతూ, అంత దీర్ఘకాలం కూర్చున్నా అక్కడివారికి విద్య పట్టుబడకపోవటానికి కారణం వెదికాడు. వారు పాఠసభలలో నోరు మెదపకుండా కూర్చుంటారని, కావలసినదానికన్నా ఎక్కువే కంఠస్థం చేస్తారని, ఏ విషయం మీదనైనా నాలుగు మాటలు వాదించమంటే చేతకాదని రాశాడు. విద్య అలవడటానికి అన్నిటికన్నా సులువైన దారి ఆ విద్యలోని సమస్యలను నోరువిప్పి చర్చించటం, వాదించటం అన్నది ఆయన అభిప్రాయం. విద్యార్థులను కఠినంగా దండించటం గురించి విడిగా ఒక అధ్యాయమే ఉన్నది. దెబ్బల భయంతో పెరిగిన పిల్లలు అబద్ధం చెప్పటం, మనసులో ఉన్నదానిని దాచి పైకి మరొకటి చూపటం నేర్చుకుంటారని ఆయన హెచ్చరించాడు. బెత్తం లేనిదే చదువు రాదనే పెద్దలు మన మస్జిద్ కమిటీలలో ఇంకా ఉన్నారు. వారికి ఈ అధ్యాయాన్ని చదివి వినిపించాలి.

ఇది ఒక్క ఇబ్నె ఖల్దూన్ ముచ్చట కాదు. మనలో అత్యధికులు అనుసరించే హనఫీ ఫిఖ్‌నే చూడండి. ఇమామ్ అబూ హనీఫా శిష్యులతో చర్చించి తీర్పులు తేల్చేవారు. ఆయన ప్రధాన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ అనేక విషయాలలో గురువుతో విభేదించారు. ఆ విభేదాలను దాచిపెట్టటం జరగలేదు. గురువు మాట పక్కనే శిష్యుల మాట కూడా గ్రంథాలలోకి ఎక్కింది. పంటలో వాటా ఇచ్చే పద్ధతిలో పొలాన్ని సాగుకివ్వటం చెల్లదని ఇమామ్ గారు భావిస్తే, చెల్లుతుందని శిష్యులిద్దరూ అన్నారు. తరువాతి పండితులు ఫత్వా ఇచ్చింది శిష్యుల పక్షానే. ఈనాటికీ పాలుకు సేద్యం చేసుకునే ముస్లిం రైతు గురువును కాదన్న శిష్యుల నీడలో ఉన్నాడు. మదర్సాలో మౌల్వీ సాహెబ్‌కు ఈ సంగతి తెలుసు. అదే మౌల్వీ సాహెబ్ మక్తబ్‌లో కూర్చున్న పదేళ్ళ పిల్లవాడు ‘ఎందుకు’ అనగానే ఎందుకు ఉలిక్కిపడాలి?

బస్రాలో పుట్టి కైరోలో జీవించిన ఇబ్నె అల్ హైసమ్ కాంతిశాస్త్రానికి పునాదులు వేశాడని పాఠ్యపుస్తకాలలో ఒక వాక్యం ఉంటుంది, మనమూ సభలలో గర్వంగా చెప్పుకుంటాము. ఆయన టాలమీ ఖగోళ సిద్ధాంతంలోని లోపాలను ఎంచుతూ ‘సందేహాలు’ పేరుతో ఒక పుస్తకమే రాశాడని మాత్రం చెప్పుకోము. పెద్దలు రాశారు కనుక నిజమని నమ్మటం సత్యాన్వేషి పని కాదనీ, చదివిన ప్రతిదానినీ పరీక్షకు పెట్టాలనీ, ఆ పరీక్షలో తనను తాను కూడా అనుమానించుకోవాలనీ ఆయన భావన. గతవైభవం గురించి ఉపన్యాసాలు ఇచ్చే మనవారు ఆ వైభవాన్ని తెచ్చిన అలవాటును పిల్లలకు ఇవ్వటం లేదు.

మద్రసా సంప్రదాయంలో నేటికీ మిగిలివున్న ఒక మంచి పద్ధతిని ఇక్కడ తలచుకోవాలి. లక్నో ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ పేరుమీద పద్దెనిమిదో శతాబ్దంలో స్థిరపడిన దర్సె నిజామీలో తర్కశాస్త్రానికి పెద్దపీట ఉండేది. క్లిష్టమైన గ్రంథాలతో కుస్తీపట్టినవాడు ఆపై ఏ పుస్తకాన్నయినా ఒంటరిగా చదువుకోగలడన్న నమ్మకం దాని వెనుక ఉన్నది. పాఠానికి ముందు విద్యార్థి తనంతట తాను చదువుకు రావటం ‘ముతాలా’. పాఠం అయిన తరువాత విద్యార్థులు ఒకరికొకరు దానిని మళ్ళీ చెప్పుకుని, పట్టుకుని, వాదించుకోవటం ‘తక్రార్’. అరబీలో ఆ మాటకు మళ్ళీ మళ్ళీ చెప్పటమని అర్థం. మన తెలుగులోకి అది తకరారుగా వచ్చి, పేచీ అనే అర్థంలో స్థిరపడింది. పాఠాన్ని మళ్ళీ చెప్పుకుంటే పేచీ రాక తప్పదు కదా. మక్తబ్‌లోనూ, ట్యూషన్ సెంటర్లలోనూ ఈ రెండు అలవాట్లనూ తిరిగి తేగలిగితే కొత్త బోధనా సిద్ధాంతాలను అరువు తెచ్చుకోవలసిన అవసరం అంతగా ఉండదు.

ఇక మన ఇళ్ళ సంగతి. ‘జ్యాదా బాతాఁ నక్కో’ అన్న మాట వినకుండా పెరిగిన పిల్లలు మనలో ఎందరు? పెద్దల పట్ల అదబ్ ఉండవలసిందే. అదబ్ అంటే నోరు మూసుకోవటమని ఎవరు చెప్పారో తెలియదు. మృతులను ఎట్లా బ్రతికిస్తావో చూపించమని ఇబ్రాహీం ప్రవక్త అల్లాహ్‌నే అడిగిన ఉదంతం ఖుర్ఆన్‌లో ఉన్నది. నమ్మకం లేక కాదు, మనసు నెమ్మదించటానికి అడుగుతున్నానని ఆయన విన్నవించుకున్నారు. భర్త తనకు చేసిన అన్యాయం మీద ప్రవక్త (స) ఎదుట నిలబడి వాదించిన ఖౌలా బిన్తె సఅలబా మొర ఆలకించబడింది, ‘వాదించే స్త్రీ’ అనే అర్థంతో ఒక సూరాకు పేరే ఏర్పడింది. ఆ సూరాను తజ్వీద్‌తో చదవటం నేర్పిస్తున్న ఇంట్లోనే ఆడపిల్ల ‘పది తరువాత నన్ను ఎందుకు మాన్పిస్తున్నారు’ అని అడిగితే బేఅదబీ అవుతున్నది.

పిల్లలకు ఆలోచన నేర్పితే వారు ముందుగా మనలనే ప్రశ్నిస్తారు. కట్నం ఎందుకు తీసుకున్నారు అని అడుగుతారు. బిరాదరీ వేరని ఆ సంబంధం ఎందుకు వద్దన్నారు అంటారు. మస్జిద్ జమాఖర్చు గోడమీద ఎందుకు రాయరు అంటారు. దీన్‌కు దూరమవుతారేమోనన్న భయం కొందరు తల్లిదండ్రులలో ఉన్నది, ఆ భయాన్ని మేము ఎగతాళి చేయము. ఒక్క సంగతి మాత్రం వారు గమనించాలి. ఇంట్లో జవాబు దొరకని ప్రశ్న చచ్చిపోదు. పిల్లవాడు దానిని అర్ధరాత్రి ఫోను తెర ముందుకు తీసుకుపోతాడు. అక్కడ అతడికి జవాబు చెప్పేవారెవరో, వారి ఉద్దేశమేమిటో మనకు తెలియదు.

ఆలోచన లేమికి సముదాయం చెల్లించిన మూల్యం కల్పిత కథ కాదు. పోలియో చుక్కలు వేయిస్తే పిల్లలు పుట్టరన్న వదంతి రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో పశ్చిమ ఉత్తరప్రదేశ్ ముస్లిం బస్తీలలో పాకింది. తలుపులు మూసుకున్నారు. కాళ్ళు చచ్చుపడిన పిల్లలలో జనాభా నిష్పత్తికి మించి మన పిల్లలే ఉన్నారు. ఆ వదంతి అబద్ధమని నచ్చచెప్పటానికి అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా, జామియా హమ్‌దర్ద్ ముందుకు రావలసి వచ్చింది, ఉలమా మస్జిద్‌లలో ప్రకటనలు చేయవలసి వచ్చింది. 2014 మార్చిలో దేశం పోలియోరహితమైంది. ఆ విజయంలో మనవారి పాత్ర గొప్పది. ‘ఈ మాట ఎవరు చెప్పారు, వారికెట్లా తెలుసు’ అని అడిగే అలవాటు ఆ బస్తీలలో అంతకుముందే ఉండివుంటే కొందరు పిల్లలు ఈనాడు తమ కాళ్ళమీద నడిచేవారు.

దీనికి రెండో పక్క కూడా ఉన్నది, అది మాకు మరింత ముఖ్యం. 2020 ఏప్రిల్‌లో కరోనాను ముస్లింలే పనిగట్టుకుని వ్యాపింపజేస్తున్నారన్న ప్రచారం దేశమంతా కార్చిచ్చులా పాకింది. కూరగాయల బండ్లను కాలనీలలోకి రానివ్వలేదు. పేరు అడిగి తిప్పి పంపారు. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం తబ్లీగీ విదేశీయుల మీది కేసులను కొట్టివేస్తూ వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది, ప్రచార సాధనాల తీరును తప్పుపట్టింది. తీర్పు వచ్చేసరికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. ఆ సందేశాలను ముందుకు పంపినవారు నిరక్షరాస్యులా? డిగ్రీలు ఉన్నవారు, ఉద్యోగాలు చేసేవారు, కొందరు పాఠాలు చెప్పేవారు కూడా. పదో తరగతిలో సామాన్యశాస్త్రానికి నూటికి తొంభై తెచ్చుకున్నవారు. సాక్ష్యం అడగటం మాత్రం ఎవరూ నేర్పలేదు.

అందువల్ల ఇది హక్కుల సమస్య అంటున్నాము. సంఖ్యాబలం ఉన్నవారికి పుకారు ఒక కాలక్షేపం. అల్పసంఖ్యాకులకు అది దుకాణం తగలబడటం, అద్దె ఇల్లు దొరకకపోవటం, ఒక్కోసారి ప్రాణం పోవటం. మన పిల్లలు ఆలోచించటం నేర్చుకోవాలన్నది నిజమే. పక్కింటి పిల్లలు, ఎదుటి వీధి పిల్లలు కూడా విన్నదానిని తరచి చూడటం నేర్చుకోవాలని ఈ దేశంలో అందరికన్నా ఎక్కువగా కోరుకోవలసినవారము మనమే. సర్కారు బడిలో మంచి సైన్సు టీచరును వేయించటానికి సాగే పోరాటం దర్గా భూమి కోసం సాగే పోరాటం కన్నా తక్కువది కాదు. ఆ బడిలో మన పిల్లలు నలుగురే ఉన్నా సరే.

చరిత్ర పాఠం దగ్గరకు వద్దాం. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి చరిత్ర పుస్తకం నుంచి మొగల్ ఆస్థానాల అధ్యాయాన్ని తొలగించింది. గాంధీజీ హత్యకు సంబంధించిన కొన్ని వాక్యాలు, గుజరాత్ 2002 ప్రస్తావనలు కూడా పోయాయి. ఈ తొలగింపులను ఖండించాము, ఖండిస్తూనే ఉంటాము. అయితే మన నిరసన ‘మా రాజులను మాకు తిరిగివ్వండి’ అన్న చోట ఆగిపోతున్నది. అక్బరు గొప్పవాడని ఒక తరం బట్టీపట్టింది, చెడ్డవాడని రేపటి తరం చేత బట్టీపట్టించవచ్చు. రెండిటిలోనూ పిల్లవాడు చేసే పని ఒక్కటే. మనకు కావలసింది, ఈ సంగతి ఏ ఆధారంతో చెబుతున్నారని అడగగల విద్యార్థి.

మన గడ్డమీదనే ఇందుకు తగిన పాఠం ఒకటి ఏటా సెప్టెంబరు 17న వస్తుంది. 1948లో ఆ రోజున హైదరాబాద్ సంస్థానంలో జరిగినదానిని కేంద్ర ప్రభుత్వం విమోచన దినమంటుంది. 2022లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమన్నది. 2024లో మరో ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమన్నది. విలీనమని కొందరు, విద్రోహమని కొందరు. మన పాత బస్తీ ఇళ్ళలో నానమ్మలు ‘పోలీస్ యాక్షన్’ అని మాత్రమే అని, ఆపైన మాట మారుస్తారు. మంచి ఉపాధ్యాయుడు ఈ పేర్లన్నీ నల్లబల్లమీద రాసి, ఏ పేరు ఎవరు వాడుతున్నారు, ఎందుకు వాడుతున్నారు అని తరగతిని అడిగితే చాలు. ఆ గంటలో పిల్లలు నేర్చుకునేది ఏ గైడులోనూ దొరకదు.

ఆ గంట మనకు హాయిగా గడుస్తుందని మాత్రం అనుకోవద్దు. నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ కమిటీ, సైనిక చర్య సమయంలోనూ ఆ తరువాతా ఇరవై ఏడువేల నుంచి నలభైవేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. పొరుగున ఉన్న ముస్లింలను ప్రాణాలకు తెగించి కాపాడిన హిందువుల గురించి కూడా అందులో ఉన్నది. ఈ సంగతి పాఠ్యపుస్తకం చెప్పలేదని మన పిల్లవాడు అడగాలి. అదే తరగతిలో పొరుగు బల్లమీది పిల్లవాడు లేచి, రజాకార్లు మా తాతల ఊరిని ఏం చేశారో మీ ఇంట్లో చెప్పారా అని అడిగితే మన పిల్లవాడు తల దించుకోకుండా, కోపపడకుండా వినగలగాలి. నిజాం వ్యతిరేకులంతా ముస్లిం వ్యతిరేకులేనని నమ్మేవారికీ, నిజాం కాలమంతా స్వర్ణయుగమని నమ్మేవారికీ షోయబుల్లా ఖాన్ పేరు ఇబ్బంది కలిగిస్తుంది. ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడాయన. సంస్థానం భారతదేశంలో చేరాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్ల చేతిలో హతుడయ్యాడు. తన చుట్టూ ఉన్నవారు అనుకునేదానికి భిన్నంగా ఆలోచించిన ముస్లిం పత్రికా రచయిత. 1857 జులై 17న కోఠీ రెసిడెన్సీ మీద దండెత్తిన తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల గురించి మనం గర్వంగా చెప్పుకుంటాము. షోయబుల్లా ఖాన్ గురించి మన సభలలో ఎన్నిసార్లు విన్నారో పాఠకులే గుర్తుచేసుకోవాలి.

చట్టం ఏమంటున్నది? 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లలను భయం నుంచి, ఆందోళన నుంచి విముక్తులను చేసి, తమ అభిప్రాయాలను స్వేచ్ఛగా చెప్పుకునేందుకు పాఠ్య ప్రణాళిక తోడ్పడాలని నిర్దేశిస్తున్నది. 17వ సెక్షన్ శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధిస్తున్నది. శాస్త్రీయ దృక్పథాన్ని, జిజ్ఞాసను పెంపొందించుకోవటం పౌరుల విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతున్నది. కేరళలో జాతీయగీతం పాడకుండా గౌరవంగా నిలబడినందుకు బడి నుంచి పంపివేసిన ముగ్గురు పిల్లలను తిరిగి చేర్చుకోవాలని 1986లో సుప్రీంకోర్టు ఆదేశించింది. బిజో ఇమ్మానుయేల్ కేసుగా అది ప్రసిద్ధం. బడిగుమ్మం దాటినంత మాత్రాన పిల్లల అంతరాత్మ స్వేచ్ఛ గుమ్మం బయట ఉండిపోదని ఆ తీర్పుతో స్పష్టమైంది.

విద్యాహక్కు చట్టం మద్రసాలకు వర్తించదని 2012 సవరణ చెప్పింది. మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని 2014లో ప్రమతి కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పునిచ్చింది. 30వ అధికరణం ఇచ్చిన స్వేచ్ఛను కాపాడటానికి వచ్చిన తీర్పు అది. ఆ స్వేచ్ఛతో మన సంస్థలు ఏం చేస్తున్నాయి? చట్టం బలవంతం చేయని చోట పిల్లవాడిని భయం లేకుండా మాట్లాడనిచ్చే బాధ్యత పూర్తిగా యాజమాన్యం మీదనే పడుతుంది. బోర్డు మీద మైనారిటీ సంస్థ అని రాసుకుని, లోపల కార్పొరేటు కాలేజీ టైంటేబులును మక్కీకి మక్కీ దించుకున్న విద్యాసంస్థలు తక్కువేమీ లేవు. ప్రభుత్వం జోక్యం చేసుకోరాదని మనం పోరాడి నిలుపుకున్న చోటు అది. అందులో మనదైన పద్ధతి ఏదైనా కనిపించాలి గదా. తెలంగాణలో 2016లో మొదలై రెండు వందలు దాటిన మైనారిటీ గురుకులాలకు మరొక అనుకూలత ఉన్నది. అక్కడి పిల్లలు రాత్రీపగలూ అక్కడే ఉంటారు. స్టడీ అవర్లలో ఒక్కటి చర్చకు ఇవ్వటానికి ఎవరి అనుమతీ అక్కరలేదనుకుంటాము.

కేంద్రం తీరు వేరు. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ విద్యార్థుల ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్‌ను 2022లో నిలిపివేసింది. అదే ఏడాది డిసెంబరులో పరిశోధక విద్యార్థులకు ఇచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కూడా ఆపివేస్తున్నట్లు ప్రకటించింది. బడిలో అడుగుపెట్టే దగ్గరా, కొత్త జ్ఞానాన్ని సృష్టించే దగ్గరా, రెండు కొసలనూ కోశారు.

భాష గురించి కొద్దిగా. రెండు రాష్ట్రాలలోనూ సర్కారు బడులు ఇంగ్లీషు మాధ్యమం బాట పట్టాయి. పేదల పిల్లలకు ఇంగ్లీషు రావాలన్న కోరికను వ్యతిరేకించేవారి పిల్లలు ఎక్కడ చదువుతున్నారో మాకు తెలుసు కనుక ఆ వాదంలోకి దిగము. పరీక్ష ఇంగ్లీషులో రాయనివ్వండి, ప్రశ్నను మాత్రం పిల్లవాడికి వచ్చిన భాషలో అడగనివ్వండి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు, మక్తబ్‌లో అరబీ. నాలుగు భాషల నడుమ పెరిగే పిల్లలు మనవారు. మూడు మాటలు ఉర్దూలో, రెండు తెలుగులో కలిపి అడిగితే తప్పేమిటి? 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నతవిద్య చెప్పటానికి పూనుకున్నప్పుడు దారుత్తర్జుమా అనువాద శాఖ వేలాది శాస్త్ర పదాలను తయారుచేసుకున్నది. మాటలు తయారుచేయటమంటే భావాలతో కుస్తీ పట్టటమే.

మన కార్యకర్తలు బస్తీలలో నడుపుతున్న సాయంకాలపు ట్యూషన్లు చాలావరకు పరీక్షల మెటీరియల్‌తోనే నిండిపోతున్నాయి. వారానికి ఒక్క గంట వేరు చేయమని వారిని కోరుతున్నాము. అదే రోజు వచ్చిన ఒక ఉర్దూ దినపత్రికనూ, ఒక తెలుగు దినపత్రికనూ తెచ్చి ఒకే సంఘటన మీది రెండు వార్తలనూ పిల్లల ముందు పరచండి. ఎవరి మాటలు రాశారు, ఎవరిని అడగలేదు, శీర్షికలో ఉన్నది వార్తలో ఉన్నదా అని అడగండి. రెండు లిపులూ చదవగలిగిన పిల్లలకు మాత్రమే దొరికే వసతి ఇది. శుక్రవారం ఖుత్బా విని వచ్చిన కొడుకును ఇమామ్ సాహెబ్ ఏం చెప్పారో తన మాటలలో చెప్పమనండి, అందులో అర్థం కానిదేమిటో అడగండి. ఇంటికి వచ్చిన ప్రతి ఫార్వర్డు మీద ఇది ఎక్కడిది అని అడిగే పనిని పన్నెండేళ్ళ కూతురికి అప్పగించండి. ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. ప్రశ్న వేసిన తరువాత పది క్షణాలు ఊరుకోండి. చెయ్యెత్తే అలవాటున్న ఆ ముగ్గురినే అడగకండి. గైడులోని వాక్యం కన్నా వంకరగా ఉన్నా సొంత వాక్యానికి ఒక మార్కు ఎక్కువ వేయండి. వీటిలో దేనికీ ప్రత్యేక నిధులు అక్కరలేదు.

మా వంతుగా వచ్చే నెల నుంచి ఈ పత్రికలో రెండు పుటలను విద్యార్థుల ప్రశ్నలకు కేటాయిస్తున్నాము. చదువు, చట్టం, చరిత్ర, ధర్మం, ఇల్లు, ఏ విషయమైనా సరే. తెలుగులోనైనా, ఉర్దూలోనైనా రాయవచ్చు. పేరు ప్రకటించవద్దంటే ప్రకటించము. ఆడపిల్లల ఉత్తరాల కోసం ప్రత్యేకంగా ఎదురుచూస్తాము. ఆయా విషయాలు తెలిసినవారి చేత జవాబులు రాయిస్తాము. పండితుల మధ్య భేదాభిప్రాయం ఉన్నచోట రెండు జవాబులనూ పక్కపక్కనే అచ్చువేస్తాము. ఉత్తరాలు ప్రతినెలా ఇరవయ్యో తేదీలోగా కార్యాలయానికి చేరాలి.